వెన్ను విరిగినవాడికి ధైర్యం చెప్పకండి

తుమ్మలపల్లె అనగానే మీలో చాలామందికి యురేనియం గుర్తుకు వస్తుంది. కడప జిల్లా వేముల మండలంలోని ఆ ఊరి పేరు పత్రికలలో కనబడిన ప్రతిసారీ భూగర్భ గని, శుద్ధి కర్మాగారం, వ్యర్థాల చెరువు, చుట్టుపక్కల బోరు నీళ్లు, ఎండిన అరటి తోటలు, ఇవే చర్చ. ఆ చర్చ అవసరమైనదే, దానిని నేను తక్కువ చేయడం లేదు. అయితే మొన్న మాఘమాసం చివర ఒక బంధువు ఇంటి శుభకార్యానికి ఆ వైపు వెళ్లినప్పుడు నన్ను పట్టి నిలిపినది యురేనియం కాదు, ఒక చింతచెట్టు.

మన మెట్ట పల్లెలలో మాఘ ఫాల్గుణాలు చింతపండు రాల్చే కాలం. చెట్టుకు ఇంత అని మాట్లాడుకుని మగవాళ్లు కొమ్మలెక్కుతారు. కాలి కింద కొమ్మ, చేతిలో పొడవాటి గడ, నడుముకు తాడు మాత్రం ఉండదు. నేను చూడబోయిన మనిషి రెండేళ్ల కిందట అలాంటి చెట్టు మీదనుంచి పడ్డాడు. వయసు ముప్పై నాలుగు. పేరు చెప్పను, ఏ ఇల్లో గుర్తుపట్టే ఆనవాళ్లు కూడా ఇవ్వను. పడిన వెంటనే కింద ఉన్నవారు చంకల కింద చేతులు వేసి లేపి, ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోయారు. (ఇంత చదివిన మీరైనా గుర్తుంచుకోండి: ఎత్తునుంచి పడినవాడిని కూర్చోబెట్టకూడదు, మెడను, నడుమును వంచకూడదు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. తప్పనిసరై కదపవలసి వస్తే నలుగురు కలిసి బల్లచెక్క మీదికి తిన్నగా చేర్చాలి.) పెద్దాసుపత్రిలో ప్లేట్లు, స్క్రూలు వేశారు. పదహారో రోజున ఇంటికి పంపారు. కాగితం మీద ఆ శస్త్రచికిత్స విజయవంతం. నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. అప్పటినుంచి ఆయన ప్రపంచం వసారా వెనుక ఉన్న ఒక గది.

నేను డాక్టరునని తెలిసి వాళ్ల అమ్మ ఎదురొచ్చి, "సార్, మావాడికి రవ్వంత ధైర్యం చెప్పండి. మీ మాటయితే ఇంటాడు" అన్నది.

నేను ఆ గదిలో కూర్చున్న గంటసేపట్లో ఆరుగురు వచ్చిపోయారు. ఆరుగురూ ధైర్యమే చెప్పారు. ఒకాయన పూర్వజన్మ కర్మ గురించి చెప్పాడు. ఒకామె ఫలానా దేవళంలో మూడు నిద్రలు చేయమన్నది. ఒక కుర్రవాడు తన ఫోనులో రెండు కాళ్లూ లేని మనిషెవరో కొండ ఎక్కుతున్న వీడియో చూపించి, "చూడన్నా, మనసుంటే మార్గముంటాది" అన్నాడు. మంచం మీది మనిషి అందరికీ తల ఊపాడు, చిన్నగా నవ్వాడు, ఒకరికి కాఫీ ఇమ్మని భార్యకు చెప్పాడు. వాళ్లందరూ వెళ్లిపోయాక నా వైపు తిరిగి, "సార్, వీళ్లు నాకు ధైర్యం చెప్పడం కాదు. నేనే వీళ్లకు ధైర్యం చెప్పి పంపుతాండా" అన్నాడు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాను. ఈ ఒక్క మాట నాకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

ఆయన ఫైలు అడిగి తీసుకున్నాను. ఎమ్మారై ఫిల్ములు, రక్తపరీక్షలు, డిశ్చార్జి కాగితం, సదరం సర్టిఫికెట్టు, మందుల చీటీలు ఉన్నాయి. రెండేళ్ల ఆ కాగితాల కట్టలో "నిద్ర పడుతోందా?" అని ఒక వైద్యుడు అడిగిన ఆనవాలు ఒక్కటి లేదు. మనసు అనే అవయవం ఆ మనిషికి ఉన్నట్టే ఎవరూ నమోదు చేయలేదు. నా వాదన ఇదే: వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి మానసిక చికిత్స లేకపోవడం చికిత్సలో ఒక చిన్న లోటు కాదు. అది సగం చికిత్స ఎగవేయడం. ఆ ఎగవేతను కప్పిపుచ్చడానికి మన సమాజం, మన వైద్యవృత్తి కలిసి వాడుతున్న దుప్పటి పేరే "ధైర్యం".

ముందు దెబ్బ ఏమిటో తెలుసుకుందాం. వెన్నుపాము అంటే వెన్నెముక కాదు. వెన్నెముక ఎముకల గొట్టం, దాని లోపల మెదడునుంచి దిగివచ్చే నాడీతంతువుల కట్ట వెన్నుపాము. సుమారు నలభై అయిదు సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలంత లావు. మెదడు ఆజ్ఞలు కాళ్లకు పోవాలన్నా, కాలికి ముల్లు గుచ్చుకున్న కబురు మెదడుకు చేరాలన్నా, మూత్రం ఆపుకోవాలన్నా, వదలాలన్నా, మలవిసర్జన అదుపులో ఉండాలన్నా, దాంపత్య సుఖం కలగాలన్నా దారి అదే. ఆ దారి తెగితే నడక ఒక్కటే పోదు. చూడవచ్చేవారికి కనబడేది నడక పోవడం. మంచం మీది మనిషిని రోజూ చంపేది మిగిలినదంతా. ముప్పై నాలుగేళ్ల మనిషి బట్టలు పాడైనప్పుడు తల్లి వచ్చి తుడుస్తుంటే గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంటాడు. అది పిరికితనమా? ఆ స్థితిలో మీరు గానీ నేను గానీ ఎటు తిరుగుతాం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో కోటీ యాభై లక్షలమందికి పైగా వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నారు. వీరిలో నూటికి ఇరవైనుంచి ముప్పైమందిలో చికిత్స అవసరమైనంత కుంగుబాటు లక్షణాలు కనబడతాయని అదే సంస్థ చెబుతోంది. ఈ అంకెను రెండు వైపులనుంచీ చదవమని కోరుతున్నాను. ఒకటి, నలుగురిలో ఒకరికి దాదాపు మనోవ్యాధి వస్తుందని తెలిసి కూడా మనం వెతకడం లేదు. ఛాతీనొప్పితో వచ్చిన నలుగురిలో ఒకరికి గుండెపోటు ఉంటుందని తెలిసి ఇ.సి.జి. తీయని డాక్టరును మీరు ఊరుకుంటారా? రెండు, మిగిలిన ముగ్గురికి ఆ జబ్బు రాదు. దుఃఖపడతారు, కోపపడతారు, ఏడాదో రెండేళ్లో తల్లడిల్లి, మళ్లీ ఒక జీవితాన్ని అమర్చుకుంటారు. "వాడి బతుకు అయిపోయింది" అనే ఊరి తీర్పు కూడా అబద్ధమే. ధైర్యం చెప్పేవారూ, అయిపోయిందనేవారూ ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. ఎదుటి మనిషి ఎలా ఉన్నాడో అడగడం లేదు.

నేను అడిగాను. "రోజులో ఏ సమయం బాగా కష్టం నాయనా?" అన్నాను. సందెవేళ అన్నాడు. మేకలు ఇంటికి తిరిగివచ్చే పొద్దు. తర్వాత కాసేపు ఆగి, పక్కింట్లో ఎవరైనా వంటచెరుకు విరిస్తే ఒళ్లంతా చెమట పట్టి గుండె దడదడలాడుతుందని, కాలి కింద కొమ్మ ఫెళ్లుమన్న చప్పుడు మళ్లీ వినబడుతుందని చెప్పాడు. కల్లోనూ అదే. అందుకని రాత్రిపూట నిద్రపోకుండా కూర్చుంటాడట, పగలు పడుకుంటాడట. "పగలంతా నిద్రపోతాడు, సోమరితనం వచ్చింది" అని ఇంట్లోవారి ఫిర్యాదు.

దీనికి వైద్యశాస్త్రంలో పేరుంది: ఆఘాతానంతర మానసిక రుగ్మత. ప్రాణం మీదికి వచ్చిన సంఘటనను మెదడు గతంలోకి నెట్టలేక, అది ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ మళ్లీ చూపించడం. పీడకలలు, ఉలికిపాటు, ఆ సంఘటనను గుర్తుచేసేవాటిని తప్పించుకోవడం దాని గుర్తులు. నెల దాటినా తగ్గకపోతే చికిత్స కావాలి. చికిత్స ఉంది కూడా. ఆ జ్ఞాపకాన్ని శిక్షణ పొందిన మనిషి సమక్షంలో, పద్ధతి ప్రకారం, కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేస్తారు. అవసరమైతే మందులు ఇస్తారు. దేవళంలో మూడు నిద్రలు చేయమన్న ఆమెకు ఇది తెలియకపోవడం తప్పు కాదు. రెండేళ్లలో ఆ మనిషిని చూసిన వైద్యులలో ఒక్కరూ అడగకపోవడం తప్పు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. లేకపోతే ఇదంతా నీతులు చెప్పడమవుతుంది. 1980లలో నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి బావి తవ్వుతూ మట్టిపెళ్లలు విరిగిపడి వెన్ను విరిగిన యువకుణ్ణి తెచ్చారు. వారం గడిచినా కాళ్లలో అణుమాత్రం చలనం లేదు. "సార్, ఎప్పుడు నడుస్తా?" అని రౌండ్లలో రోజూ అడిగేవాడు. నాకు నిజం చెప్పే దమ్ము లేక, "మూడు నెలల్లో లేచి తిరుగుతావు పో" అన్నాను. వార్డంతా నవ్వింది, అతడూ నవ్వాడు, నాకు హాయిగా అనిపించింది. ఆ మాటకు నేను చెల్లించిన ధర సున్నా. అతడు చేతుల బలంతో మంచం మీద లేచి కూర్చోవడం నేర్చుకోమంటే నేర్చుకోలేదు. గంట గంటకూ ఒళ్లు జరుపుకోవాలంటే జరుపుకోలేదు. వడ్రంగి చేత బేరింగుల బండి చేయిద్దామని వాళ్ల నాన్న అంటే ఒప్పుకోలేదు. "మూడు నెలలకు నడిచేవాడికి ఇవన్నీ యాలా?" అన్నాడట. నాలుగో నెలలో తిండి మానేశాడు. పడక పుండ్లు పడ్డాయి, జ్వరం వచ్చింది. మళ్లీ మా వార్డుకు తెచ్చేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. నా ఒక్క అబద్ధమే చంపిందని అనను. ఆ అబద్ధం అతడికి శోకించే హక్కును, నేర్చుకునే కాలాన్ని దొంగిలించింది. నేను ధైర్యం చెప్పాననుకున్నాను. నిజానికి నా ఇబ్బందిని అతడి నెత్తిన పెట్టాను.

అయితే మొదటి రోజే మంచం పక్కన నిలబడి "ఇక నువ్వు నడవవు" అని చెప్పాలా? కూడదు, అది క్రూరత్వమే కాదు, శాస్త్రీయంగా కూడా తప్పు. దెబ్బ తగిలిన తొలి రోజులలో, కొందరిలో వారాలపాటు, వెన్నుపాము నిశ్చేష్టమై ఉంటుంది. పాక్షికంగా తెగినదా, పూర్తిగా తెగినదా అన్నది జాగ్రత్తగా, మళ్లీ మళ్లీ పరీక్షించి తేల్చవలసిన విషయం. పాక్షికమైన దెబ్బలలో కోలుకునేవారు ఎందరో ఉన్నారు. నిజం చెప్పడానికి పద్ధతి ఉంది. ముందు "నీకు ఏమి జరిగిందని అనుకుంటున్నావు?" అని అడగాలి. అతడికి తెలిసినదానికి ఒక్క మెట్టు మాత్రం ముందుకు వెళ్లాలి. తెలియనిదాన్ని తెలియదనే చెప్పాలి. చెప్పి బయటికి పారిపోకుండా కూర్చోవాలి. మరుసటి రోజు మళ్లీ వెళ్లాలి. దీనికి పట్టేది కాలు గంట. ఓ.పి.లో మూడువందలమంది ఉన్న ప్రభుత్వ వైద్యుడికి ఆ కాలు గంట ఎక్కడిదని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందుకే అది ఒక్క వైద్యుడి మంచితనం మీద వదిలేసే పని కాదు అంటున్నాను.

నిజం చెప్పని చోట అబద్ధం అమ్మేవారు వస్తారు. ఆ ఇంట్లోనూ వచ్చారు. దూరపు నగరంలో మూలకణాల సూది వేస్తే నరాలు అతుక్కుంటాయని ఎవరో చెబితే, మేకలు అమ్మి, అరెకరం తాకట్టు పెట్టి తీసుకుపోయారు. ఏమీ జరగలేదు. వెన్నుపాము దెబ్బకు మూలకణ చికిత్స నేటికీ పరిశోధన దశలోనే ఉంది. అనుమతి పొందిన పరిశోధనలలో తప్ప బయట డబ్బు తీసుకుని చేయరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. పరిశోధనలో పాల్గొనే రోగినుంచి డబ్బు తీసుకోరు. ఎవరైనా లక్షలు అడిగారంటే అది పరిశోధన కాదు, వ్యాపారం. భూమి పోయిన దుఃఖం ఇప్పుడు ఆ మనిషి గుండె మీద అదనపు బండ. "నా కోసం అమ్మినారు" అంటాడు. కుంగుబాటులో అపరాధభావం ఎక్కడనుంచి పుడుతుందో మనోవైద్య గ్రంథాలలో వెదకనవసరం లేదు, తాకట్టు కాగితంలో ఉంది.

వైద్యులు కూడా చదువుతున్నారు కనుక ఒక మాట విడిగా చెప్పాలి. ఛాతీ పైభాగానగానీ మెడలోగానీ, అంటే ఆరవ ఛాతీ వెన్నుపూస స్థాయిలోనో అంతకు పైనో దెబ్బ తగిలిన మనిషికి హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబారడం, చెమటలు, ఆందోళన వస్తే "మనసు బాగాలేదు, భయం" అని నిద్రమాత్ర ఇవ్వకండి. మూత్రాశయం నిండి ట్యూబు మూసుకుపోయినా, మలబద్ధకం ఉన్నా రక్తపోటు ప్రాణాంతకంగా ఎగబాకే స్థితి అది. కూర్చోబెట్టి, బిగుతైన బట్టలు వదులుచేసి, ట్యూబు చూసి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అలాగే నరాల మంటకు మనం తేలికగా రాసే అమిట్రిప్టిలిన్ మూత్రాన్ని నిలబెట్టగలదు, మలబద్ధకాన్ని పెంచగలదు. మనసును, శరీరాన్ని విడదీసి చూసే వైద్యం ఈ రోగుల విషయంలో రెండు వైపులా తప్పు చేస్తుంది. ఆందోళనను శరీరమని, శరీరాన్ని ఆందోళనని పొరబడుతుంది. పాఠకులు మాత్రం ఈ మందుల పేర్లు పట్టుకుని షాపుకు వెళ్లవద్దు.

ఆయన భార్య గురించి ఎవరూ అడగలేదు. నేనూ దాదాపు మరిచిపోయేవాణ్ణి. వెళ్లేటప్పుడు వాకిట్లో ఆగి, "నువ్వెట్లుండావమ్మా?" అన్నాను. రెండేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషిని నేనేనట. రాత్రికి నాలుగుసార్లు లేచి ఆయన్ను పక్కకు తిప్పుతుంది. తెల్లవారి కూలికి పోతుంది. అత్తగారు కోపం వచ్చినప్పుడు "నీ కాలి గుణం" అంటుంది. ఆ అత్తే అర్ధరాత్రి లేచి ఈమెకు తోడుగా ఆయన్ను తిప్పుతుంది కూడా, మనుషులు అంత సూటిగా ఉండరు. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "పోయిన వారం తోటకు కొట్టే మందు యాడ పెట్టినావని అడిగినాడు సార్" అన్నది.

నేను వెనక్కి వెళ్లాను. చాలామంది వైద్యులు కూడా ఇక్కడ జంకుతారు: అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. పుట్టదు. అడగడం వల్ల ఆత్మహత్యలు పెరగవని, అడిగినప్పుడు మనిషికి బరువు దిగుతుందని అనుభవమూ పరిశోధనలూ చెబుతున్నాయి. తలుపు వేసి, పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని అడిగాను. చాలాసేపటికి, "చావాలని కాదు సార్, వాళ్లకు బరువు తగ్గించాలని" అన్నాడు. ఆ రోజే ఆ డబ్బాలు ఇంట్లోనుంచి, పక్క కొట్టంలోనుంచి కూడా తీయించి ఊళ్లో వేరొకరి దగ్గర పెట్టించాము. రాత్రి ఒంటరిగా ఉంచవద్దని చెప్పాను. మూడో రోజున కడపలో మనోవైద్యుడికి చూపించే ఏర్పాటు జరిగింది. మీ ఇంట్లో ఇలాంటి మాట వినబడితే వాయిదా వేయకండి. టెలీ మానస్ సంఖ్య 14416, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ గురించి ఆ ఊళ్లో నేను అడిగినవారిలో ఒక్కరికీ తెలియదు.

ఇప్పుడు ఆ వీడియో చూపించిన కుర్రవాడి సంగతి. స్ఫూర్తి కథలకు నేను వ్యతిరేకిని కాను, వాటిని సగం చెప్పడానికి వ్యతిరేకిని. రాయలసీమవాళ్లం పెద్ద జబ్బు చేస్తే రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు వెళ్తాం. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయింది. తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆస్ట్రేలియాలో, న్యూయార్కులో శిక్షణ పొందివచ్చి వేలూరులో పునరావాస వైద్య విభాగాన్ని నిలబెట్టారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమయింది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ కథ చెప్పి "చూశారా సంకల్పబలం!" అంటారు. సంకల్పబలం ఉంది, కాదనను. కానీ ఆమెకు కూర్చుని చేయగలిగే శస్త్రచికిత్సలు ఉన్నాయని గుర్తించి దారి చూపిన పాల్ బ్రాండ్ అనే గురువు ఉన్నాడు. ఉద్యోగం తీసివేయని సంస్థ ఉంది. చక్రాల కుర్చీ తిరగగలిగిన ఆపరేషన్ థియేటర్ ఉంది. శిక్షణకు విదేశాలకు వెళ్లే అవకాశం దొరికింది. తుమ్మలపల్లె వైపు మనిషికి వసారా గడప దాటడానికి ఒక ఏటవాలు చెక్క లేదు. అతడికి మేరీ వర్గీస్ కథ చెప్పడం ఆకలిగొన్నవాడికి విందు ఫొటో చూపించడం. మన సినిమాలలో చక్రాల కుర్చీలోని పాత్ర గుడిగంట మోగగానే లేచి నిలబడుతుంది చూడండి, అది ఇంకా మేలు. అబద్ధమని అందరికీ తెలుసు.

రెండవ ప్రపంచయుద్ధానికి ముందు వెన్ను విరిగిన సైనికుడు పడక పుండ్లతోనో మూత్రపు ఇన్ఫెక్షన్‌తోనో ఒకటి రెండేళ్లలో పోతాడని వైద్యులు చేతులు ఎత్తేసేవారు. నాజీ జర్మనీనుంచి పారిపోయి వచ్చిన లుడ్విగ్ గుట్‌మాన్ అనే నాడీవైద్యుడు 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వీరికి ప్రత్యేక విభాగం తెరిచాడు. రెండు గంటలకొకసారి రోగిని తిప్పించాడు, రాత్రిళ్లు తానే వచ్చి తనిఖీ చేశాడు. అంతకంటే ముఖ్యంగా, నిరాశను స్వభావదోషం అనుకోకుండా పుండును చూసినట్టే చూశాడు: నివారించవలసినది, చికిత్స చేయవలసినది. పని నేర్పించాడు, ఆటలు ఆడించాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన రోజునే, పదహారుమంది మాజీ సైనికులు, సైనికురాళ్లతో విలువిద్య పోటీ పెట్టాడు. నేటి పారాలింపిక్స్ దానినుంచి పుట్టినవే. ఎనభై ఏళ్ల కిందట తెలిసిన విషయం మన జిల్లా ఆసుపత్రి డిశ్చార్జి కాగితానికి ఇంకా చేరలేదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం అన్యాయం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడి వెన్నెముకకు కూడా ప్లేట్లు పడుతున్నాయి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అది ఊహకందని మాట. 2024 జూలైనుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఆ డబ్బు చాలా ఇళ్లలో మంచం మీది మనిషి మాటకు మళ్లీ విలువ తెచ్చింది, నేను కళ్లారా చూశాను. కానీ సదరం శిబిరంలో కాళ్ల బలం కొలిచి శాతం రాస్తారు. ఆ మనిషికి నిద్ర ఉందా, బతకాలని ఉందా అన్నది ఆ వరుసలో ఎవరి పనీ కాదు. మానసిక ఆరోగ్య చికిత్స పొందడం పౌరుడి హక్కు అని 2017 చట్టం చెబుతోంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి సంరక్షణ ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా చెబుతోంది. ప్రయత్నించిన తర్వాత బాధ్యత తీసుకునే ప్రభుత్వం అంతకు ముందు ఒక నర్సును పంపలేదా?

పంపగలదు. ఇది విదేశాల ముచ్చట కాదు. ఒకప్పుడు మన కడప, కర్నూలు, అనంతపురంతో కలిసి దత్తమండలాలలో ఉండిన బళ్లారిలోనే, 1980లలో, బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇచ్చి పల్లెలలోనే మానసిక చికిత్స అందించవచ్చని చూపించారు. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలయింది. పొరుగు జిల్లాలో నలభై ఏళ్ల కిందట రుజువైన పని ఇది. నేను కోరేది పెద్ద భవనం కాదు. వెన్నుపాము దెబ్బతో డిశ్చార్జి అయ్యే ప్రతి మనిషి కాగితం మీద కుంగుబాటు పరీక్ష ఫలితం ఒక గడిలో ఉండాలి. అది నిండనిదే ఆసుపత్రికి ప్యాకేజీ డబ్బు పోకూడదు. డబ్బు ఆగితే తప్ప మనలో జ్ఞానం మేల్కొనదని నా సర్వీసు నాకు నేర్పింది. ఇంటికి చేరిన మొదటి ఏడాది నెలకొకసారి ఏ.ఎన్.ఎం. వెళ్లి పుండ్లు చూసినట్టే నిద్ర, తిండి, ఆశ చూడాలి. భార్యను విడిగా అడగాలి. మా తరంవాళ్లం నోరు తెరిచి అనని మాట కూడా ఎవరో ఒకరు ఆ దంపతులకు చెప్పాలి: వెన్నుపాము దెబ్బ తర్వాత దాంపత్యం ముగిసిపోనక్కరలేదు, బిడ్డలు కలగడానికి కూడా వైద్యంలో మార్గాలున్నాయి అని. ముప్పై నాలుగేళ్లవాడికి రెండేళ్లుగా ఆ మాట చెప్పినవారు లేరు.

మరొకటి, అన్నింటికంటే చవకైనది: ఇదే దారిలో నడిచిన, క్షమించండి, ఇదే దారిలో చక్రాల మీద పోయిన మరో మనిషిని పంపడం, అతడికి దారిఖర్చు, రోజుకూలి ఇవ్వడం.

ఈ చివరిదాన్ని నేను పరీక్షించి చూశాను. నాకు తెలిసిన ఒకాయన పులివెందుల వైపు ఒక పల్లెలో చిన్న అంగడి నడుపుతున్నాడు. పన్నెండేళ్ల కిందట ట్రాక్టరు బోల్తాపడి వెన్ను విరిగింది. మూడు చక్రాల బండి మీద తిరుగుతాడు. ఫాల్గుణంలో ఒక ఆదివారం ఆయన్ను తీసుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. గడప దగ్గర నలుగురం కలిసి బండిని ఎత్తి లోపల పెట్టాము. మంచం మీది మనిషి ఎప్పటిలాగే నవ్వాడు, కాఫీ ఇమ్మన్నాడు. వచ్చినాయన ధైర్యం చెప్పలేదు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. మంచం కోడుకు వేలాడుతున్న సంచివైపు చూసి, "ఈ ట్యూబు ఇంకా యాలా పెట్టుకోనుండావు? దినానికి ఐదుసార్లు మనమే పెట్టుకుని తీసేసే పద్ధతి ఉండాది. నేనట్లే చేస్తాండా. నీకెవరూ చెప్పలేదా?" అన్నాడు.

మంచం మీది మనిషి మోచేతుల మీద లేచాడు. "సిగ్గుగా ఉండదా అన్నా?" అన్నాడు.

"మొదట రొండు నెలలు ఉంటాది" అని ఆయన నా వైపు తిరిగి, "సార్, మీరు కాసేపు బయట కూచోండి" అన్నాడు.

గంటన్నర కూర్చున్నాను. లోపలనుంచి ఒకసారి ఏడుపు వినబడింది, తర్వాత ఒకసారి నవ్వు. వాళ్ల అమ్మ రెండుసార్లు లేవబోతే నేనే ఆపాను.

చక్రాల కుర్చీకి దరఖాస్తు పెట్టారు. మూత్రం ట్యూబు తానే పెట్టుకోవడం కడప ఆసుపత్రిలో నేర్చుకుంటున్నాడు. మనోవైద్యుడి దగ్గరికి మూడుసార్లు వెళ్లివచ్చాడు. వంటచెరుకు చప్పుడుకు ఇంకా ఉలికిపడతాడు. గడప దగ్గర చెక్క వేయించడానికి వడ్రంగి వచ్చే వారం వస్తానన్నాడట.